రెండూ బాగున్నాయనకూడదు

గుడివాడలో అవనిగడ్డ బస్సెక్కాను. నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఒకే ఫోను మీదికి తలలు వంచి ఏదో ఆట ఆడుతున్నారు. ఫోనులో రెండేసి పాత సినిమాల పోస్టర్లు పక్కపక్కన వస్తున్నాయి. రెండిట్లో నచ్చినదాన్ని వేలితో నొక్కాలి. నొక్కగానే మరో రెండు వస్తాయి. పామర్రు దాకా టకటకా నొక్కుకుంటూ పోయారు. పామర్రు దాటాక ఒకచోట ఆగిపోయారు.

“ఇది కష్టమే. రెండూ బాగుంటాయి,” అంది కిటికీ పక్కనున్న పిల్ల.

“అలా అనకూడదమ్మా,” అన్నాను.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది. అరవై దాటిన రిటైర్డు లెక్కల మాస్టర్ని, ముక్కూమొహం తెలియని పిల్లల ఆటలో తలదూర్చడమేమిటి?

“ఏంటంకుల్?” అంది.

“ఏం లేదమ్మా, ఆడుకోండి,” అని కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ మాట నాది కాదు. ఎవరిదో ఆ మనిషి ఆదరణ కూడికకే, అంటే పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ప్రార్థనకే, వెళ్తున్నాను. పోయిన వారం చల్లపల్లిలో కన్నుమూశారు. స్కూల్లో అందరం పెద్ద టీచరుగారనేవాళ్ళం. అసలు పేరు రాయబుద్ధి కావడం లేదు. ఆవిడ కూడా సినిమాలకు పేర్లు వాడేవారు కాదు. ప్రతి సినిమాకీ అందులోని వస్తువొకటి పట్టుకుని, పడవ సినిమా, గొడుగు సినిమా, ఉత్తరం సినిమా అనేవారు. నేనూ అలాగే చెప్తాను.

అవనిగడ్డ మిషన్ స్కూల్లో చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆవిడకి నలభై రెండు. తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి. నేత చీర, ముంజేతి లోపలివైపుకు తిప్పి పెట్టుకున్న వాచీ, కొప్పులో గుచ్చిన ఎర్ర పెన్ను. ఆ పెన్ను కోసం బల్లంతా వెతుక్కుంటుంటే మేమెవరం చెప్పేవాళ్ళం కాదు. దొరికాక ఆవిడే నవ్వేవారు.

చేరిన రోజునే స్టాఫ్ రూములో నాకు పరీక్ష పెట్టారు.

“మాస్టారూ, సినిమాలు చూస్తారా?”

“చూస్తానండీ. మాది పెడన. బందర్లో ఏ సినిమా వచ్చినా వదలను,” అన్నాను గొప్పగా.

“అయితే చెప్పండి. పడవ సినిమానా, గొడుగు సినిమానా?”

ఏయే సినిమాల సంగతో వెంటనే అర్థమైంది. ఒకటి రేవు దాటించే పడవవాడి కథ, రెండోది వానలో ఒకే గొడుగు కిందికొచ్చిన ఇద్దరి కథ. రెండూ మా రోజుల్లో అందరూ చూసినవే. కొత్త ఉద్యోగం, ఎవరి మనసూ నొప్పించకూడదు. “రెండూ బాగుంటాయండీ,” అన్నాను.

ఆవిడ చెయ్యి చాపి నా ముందున్న టీ గ్లాసు తీసి డ్రిల్లు మాస్టారి ముందు పెట్టారు. “రెండూ బాగుంటాయన్నవాళ్ళకి టీ ఎందుకండీ? మంచినీళ్ళయినా ఒకటే!”

స్టాఫ్ రూమంతా గొల్లున నవ్వింది. నా టీ డ్రిల్లు మాస్టారు తాగేశారు. మర్నాడు నేను గొడుగు అన్నాను. టీ అయితే దక్కింది గానీ వాదన మొదలైంది. ఎందుకు గొడుగు? హీరో బాగున్నాడంటే కుదరదు. పాటలు బాగున్నాయంటే కుదరదు. “ఇంటికెళ్ళాక అందులోది మీకేం మిగిలిందో చెప్పండి,” అనేవారు.

ఈ వరస సినిమాలతో ఆగేది కాదు. చర్చిలో ఒకే కీర్తనకు రెండు రాగాలుంటే, ఏది పాడించాలని పాస్టరుగారిని నిలబెట్టి అడిగేవారు. ఏదైనా దేవుడికే గదమ్మా అన్నారట ఆయన. “వినేది దేవుడైనా పాడాల్సింది మేమండీ, ఒకటి చెప్పండి,” అన్నారట ఈవిడ. వంకాయలమ్మి కూడా ఈవిడ ముందు రెండు తట్టలు దించేది కాదు. ఒకటి గుమ్మం అవతల పెట్టి వచ్చేది.

కానీ అసలు ఇష్టం సినిమాలే. సినిమా గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. ప్రార్థనలో అలవాటేమో అనుకున్నాను. ఎవరి గొంతు ఎక్కడ వణికిందో, ఎవరి కిర్రు చెప్పులు ఎప్పుడు ఆగాయో, హీరోయిన్ జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఊరుకుందో, అన్నీ చెప్పేవారు. ఒక్కో సినిమా పదిసార్లయినా చూసుంటారనుకుని కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

ఒకరోజు పడవ సినిమా ఎందుకు గొప్పదో చెప్తున్నారు.

“తండ్రి పోతాడు చూడండి, ఆ క్షణంలో ఎక్కడో పసిబిడ్డ కేర్‌మంటుంది. ఒకే ఒక్కసారి. అక్కడ ఆ ఏడుపు పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలండీ. మీ గొడుగులో ఉందా అలాంటిది?”

నేను తెల్లబోయాను. పడవ సినిమా అప్పటికి మూడుసార్లు చూశాను. తండ్రి పోయేచోట పసిబిడ్డ లేదు. ఆ ఆదివారం బందర్లో మళ్ళీ ఆడుతుంటే పనిగట్టుకుని వెళ్ళాను. నీళ్ళ చప్పుడుంది, తెడ్డు చప్పుడుంది. బిడ్డ లేదు.

సంగతి ఆ తర్వాతి వారం తెలిసింది. పరీక్ష పేపర్లు తెచ్చుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు. ఇంటి వెనక మనిషి పట్టేంత సందు, సందు అవతల సినిమా హాలు గోడ. వెనక గది కిటికీకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేసి ఉన్నాయి. ఆ కిటికీకి ఆనించి ఒక కుర్చీ. కుర్చీ పక్కన దిద్దిన పేపర్లు. లోపలికి ఎవరిదో డైలాగు ఎదురుగా నిలబడి చెప్పినట్టు వినపడుతోంది.

అలా చూస్తూ నిలబడిపోయాను. ఆవిడే చెప్పారు.

“ముందు ఇల్లే ఉందండీ, హాలు తర్వాతొచ్చింది. మా నాన్నగారు చర్చిలో ఉపదేశి, వాక్యం చెప్పే మనిషి. సినిమా అంటే ఆయనకి పడదు. కలెక్టరు దాకా అర్జీలు పెట్టారు. లాభం లేక చెక్కలు కొట్టించారు. జన్మలో హాల్లో కాలు పెట్టనని నాచేత మాట తీసుకున్నారు. ఇప్పటిదాకా పెట్టలేదు.”

“మరి ఇది?”

“కాలు పెట్టనన్నాను. చెవుల సంగతి నాన్నగారు అడగలేదు.”

అని నవ్వేశారు గానీ, మేకులు మాత్రం తియ్యలేదు. నాన్నగారు పోయాక కుర్చీని ఇటువైపు జరుపుకున్నారంతే. ఆదివారమైతే కుర్చీ ముందు వరండాలోకి వెళ్ళిపోయేది. ఆ ఒక్కరోజు సినిమా లేదు.

అప్పుడర్థమైంది పసిబిడ్డ ఎవరో. హాల్లో ఎవరో తల్లి ఒళ్ళో పిల్ల సరిగ్గా ఆ క్షణంలో ఏడ్చింది. ఆవిడ దాన్ని సినిమాలో కలిపేసుకున్నారు. ఆ ఏడుపు కోసమే పడవను గొడుగు కన్నా పైన పెట్టారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. కళ్ళు మూసుకుని వింటున్న మొహం చూసి ఊరుకున్నాను. ఆవిడతో నేనాడిన మొదటి అబద్ధం అదే, నోరు విప్పకుండానే ఆడాను.

అప్పట్నించీ ఆవిడకి కళ్ళు నేనే అయ్యాను. సాయంత్రం పైరగాలి లేచిందంటే హాలు మాటలు అవతలి వైపుకు కొట్టుకుపోయేవి, ఫస్టు షోలో సగం సినిమా ఆవిడకి వినపడేది కాదు. ఆ సగం నేను చెప్పాలి. మొహాలూ చీరల రంగులూ చెప్పబోతే వద్దనేవారు. “అవి నాకున్నాయి లెండి. ఏం జరిగిందో చెప్పండి చాలు.”

ఉత్తరం సినిమా ముందు బందర్లో వచ్చింది. రైల్వే స్టేషనున్న చిన్న ఊళ్ళో ఒక నర్సు. ఒకాయన, తన దగ్గరికి వచ్చెయ్యమని ఆమెకు ఉత్తరం రాస్తాడు. ఆమె దాన్ని విప్పదు. పెట్టెలో దాస్తుంది, తీస్తుంది, మళ్ళీ దాస్తుంది. చివరికి ఉత్తరం పట్టుకుని స్టేషనుకొస్తుంది, దూరంగా రైలు కనిపిస్తుంది. సరిగ్గా అక్కడికి నా బస్సు టైమైంది. అది తప్పితే అవనిగడ్డకు మళ్ళీ బస్సు లేదు. లేచి పరిగెత్తాను.

మూడు వారాలకు అదే సినిమా అవనిగడ్డ వచ్చింది. శనివారం పైరగాలి ఊపేసింది. సోమవారం పొద్దున బెల్లు కొట్టకముందే ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చారు. ఎప్పుడూ కూర్చుని అడిగే మనిషి, ఆ రోజు నిలబడే ఉన్నారు.

“చివరికి ఏం చేసింది మాస్టారూ?”

చివర చూడలేదని చెప్పొచ్చు. కానీ ఎవరైనా సగంలో లేచొస్తే ఆవిడ ఏమనేవారో నాకు తెలుసు, “భోజనం దగ్గర్నించి కూడా అలాగే లేస్తారా?” అనేవారు. స్టాఫ్ రూములో సినిమాలకు నేను పెద్దదిక్కుని. పరువు పోతుందనిపించింది.

“ఉత్తరం విప్పి చదివిందండీ. రైలెక్కేసింది.”

“రైలు కూత వినపడిందా?”

“వినపడిందండీ.”

“ఏడ్చిందా?”

“లేదండీ. నవ్వింది.” అబద్ధం మొదలుపెట్టాక నవ్వు కలపడానికి ఖర్చేముంది?

ఆవిడ కొప్పులోంచి పెన్ను తీశారు, చూశారు, మళ్ళీ కొప్పులోనే పెట్టుకున్నారు. ఉత్తరమా పడవా అని అడుగుతారనుకున్నాను. ఏమీ అడగకుండా క్లాసుకు వెళ్ళిపోయారు.

నెల తిరక్కుండానే చర్చిలో ఆవిడ పెళ్ళి ప్రకటన చదివారు. వాళ్ళల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు సంఘమంతటి ముందూ పేర్లు చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చు. వరుడు చల్లపల్లి ఆస్పత్రిలో కంపౌండరు, భార్య పోయినాయన. మర్నాడు పొద్దున అటెండరు స్టాఫ్ రూములో చెప్తుంటే విన్నాను. కంపౌండరుగారు రెండు నెలల కిందే పాస్టరుగారి చేతికి ఉత్తరమిచ్చి పంపారట. ఈవిడ జవాబివ్వకుండా అట్టే పెట్టారట. ఇప్పుడు ఉన్నట్టుండి సరేనని పోస్టు చేశారట.

అటెండరు ఇంకేవో చెప్తున్నాడు గానీ నా చెవికెక్కలేదు. ‘చివరికి ఏం చేసింది మాస్టారూ’ అన్న మాటే వినపడుతోంది. ఒక మనిషి రెండు నెలలు ఎటూ తేల్చుకోలేక నిలబడితే, నేను నా పరువు కోసం కల్పించి చెప్పిన ముక్క పట్టుకుని అడుగు వేసింది.

మూడు ఆదివారాల గడువుంది. వెళ్ళి చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. ధైర్యం చాల్లేదు, అంతే. అంతకన్నా మంచి కారణమేదీ లేదు.

పెళ్ళయింది. ఆవిడ చల్లపల్లి వెళ్ళిపోయి బస్సులో స్కూలుకొచ్చేవారు. కంపౌండరుగారి ఇల్లు ఊరి చివర. ఒకసారి వెళ్ళాను. మూడువైపులా వరిచేలు. వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది, దాంట్లోంచి కప్పల గోల తప్ప ఏమీ వినపడలేదు. ఆవిడ కుర్చీ ఎక్కడా కనపడలేదు. స్టాఫ్ రూములో జతలు అడగడం మానలేదు గానీ కొత్త సినిమాలు ఆగిపోయాయి. పాతవే అటూ ఇటూ మార్చి అడిగేవారు. విన్నప్పుడల్లా నాకు తప్పు చేసినట్టే ఉండేది. మరుసటి ఏడు గుడివాడ దగ్గర స్కూల్లో ఉద్యోగం దొరికింది. నిజం చెప్పాలంటే పారిపోయాను.

తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళ కింద కంపౌండరుగారు పోయారని తెలిసి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నారు. కొప్పు తెల్లబడింది. పెన్ను మాత్రం అందులోనే ఉంది, దేనికో.

“రండి మాస్టారూ. పడవా, గొడుగా?”

“పడవేనండీ.”

“ఇన్నాళ్ళకి దారికొచ్చారు. టీవీలో వేశారండీ మొన్న. ఆ పసిబిడ్డ ఏడుపు కోసేశారు. ఏం మనుషులో!”

నన్ను ఆటపట్టిస్తున్నారో, నిజంగానే అంటున్నారో మొహం చూసి పోల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తెలియదు.

కాసేపు కంపౌండరుగారి గురించి చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆవిడ కోసం శనివారం సినిమా చూసొచ్చి కథ చెప్పేవారట. “పాపం, ముందే చివర చెప్పేసేవారండీ. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మందులిచ్చే మనిషి గదా, ముందు తగ్గిపోతుందని చెప్పడం అలవాటు.” నవ్వుతూ చెప్తూనే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేనిక ఆగలేకపోయాను.

“టీచరుగారూ, ఆ ఉత్తరం సినిమా చివర నేను చూడలేదండీ. బస్సుకోసం లేచొచ్చేశాను. మీకు కల్పించి చెప్పాను.”

గింజలు ఒలిచే చెయ్యి ఆగలేదు. “తెలుసు,” అన్నారు.

“ఎప్పుడు తెలిసిందండీ?”

“ఆ గురువారమే. గాలి పడిపోయింది, ఆకు కదల్లేదు. చివరిదాకా వినపడింది. రైలు కూత ఉంది. రైలు వెళ్ళిపోయిన చప్పుడూ ఉంది. ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పుల చప్పుడుందండీ, మెల్లిగా, తిరిగి ఇంటివైపుకి. రైలెక్కిన మనిషి చెప్పులు ప్లాట్‌ఫారం మీద ఎందుకు నడుస్తాయి?”

అవనిగడ్డ, చల్లపల్లి ఉన్న ఆ దివిసీమలో రైలు లేదు. ఆవిడ విన్న రైలు కూతలన్నీ దాదాపు ఆ హాలు గోడ అవతలివే. పొరపాటు పడే మనిషి కాదు.

“మరి... కంపౌండరుగారికి ఉత్తరం?”

“శుక్రవారం వేశాను.”

ముప్ఫై నాలుగేళ్ళు మోసిన బరువు నాది కాదని తేలితే మనిషి తేలికపడాలి. నేను మాత్రం తేలికపడలేదు. “తెలిసీ వేశారా?” అన్నాను.

“నాకు రెండు చివరలొచ్చాయండీ. సినిమాది ఒకటి, మీది ఒకటి. రెండూ బాగున్నాయనకూడదు గదా. మీది తీసుకున్నాను.”

“మంచిదేనా అది?”

ఆవిడ మొదటిసారి తలెత్తి చూశారు. పిల్లలు క్లాసులో పిచ్చి ప్రశ్న వేస్తే చూసే చూపది.

“ఎంచుకున్నాక రెండోదాని వంక చూడకూడదు మాస్టారూ. మొదట్లో చూశాను లెండి. శనివారం సాయంత్రాలు చెవులు అటే పోయేవి. ఇక్కడ కప్పలు! ఏడుపొచ్చేది. తర్వాత ఆయన సైకిలు బెల్లు కోసం వినడం అలవాటైంది.” గింజల చేట పక్కన పెట్టారు. “ఇంతకీ మీరు చూశారా ఆ చివర, తర్వాతైనా?”

“లేదండీ. భయమేసింది.”

ఎంత నవ్వారో! పక్కింటావిడ తొంగి చూసింది. “సరే, ఇప్పుడు మీ దగ్గరా రెండున్నాయి. ఏదో చెప్పండి.”

“ఆలోచించి చెప్తానండీ,” అన్నాను. చెప్పకుండానే వచ్చేశాను. ఆ తర్వాత ఆవిడని చూడలేదు.

బస్సు చల్లపల్లి దగ్గరపడింది. ముందుసీటు పిల్ల మళ్ళీ వెనక్కి తిరిగింది. ఇందాక నేనన్న మాట మర్చిపోయినట్టు లేదు.

“అంకుల్, మీరు పాత సినిమాలు బాగా చూస్తారా? ఇది చూశారా?”

ఫోను నా మొహం ముందు పెట్టింది. రెండు పోస్టర్లు. ఒకటి ఏదో కత్తుల సినిమా. రెండోదాంట్లో స్టేషను ప్లాట్‌ఫారం, తెల్లచీరలో నర్సు, చేతిలో విప్పని ఉత్తరం.

“చూశానమ్మా.”

“ఇందులోనే మొత్తం సినిమా ఉందంకుల్. మేము చూద్దామనుకుంటున్నాం. చివరికి ఏమవుతుంది, ఆ ఉత్తరం చదువుతుందా?”

“ఏయ్, చివర అడుగుతావేంటే!” అంది రెండోది.

చెప్పుల చప్పుడు నాకు తెలుసు. నేను వినకపోయినా, విన్న మనిషి చెప్పారు కాబట్టి తెలుసు. బ్యాగు భుజాన వేసుకుని లేచాను.

“చదువుతుందమ్మా,” అన్నాను. “నవ్వి, రైలెక్కేస్తుంది.”

చల్లపల్లిలో దిగాను. సాయంత్రానికల్లా వాళ్ళు ఆ సినిమా చూస్తారు. ముసలాయన అబద్ధం చెప్పాడని తిట్టుకుంటారు. తిట్టుకోనీ, అప్పుడు వాళ్ళ దగ్గరా రెండుంటాయి.